గుంటుపల్లి బౌద్ధ గుహలు: రాజమండ్రి నుంచి ఒక్క రోజులో వెళ్లి రావొచ్చు.. కానీ ఎలా చూడాలో తెలుసా?

టర్కీ టూర్‌కు వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్ గ్యాలరీలో ఒక ఫొటో కామన్‌గా ఉంటుంది. వెనకాల రెండంతస్తుల రాతి స్తంభాల గోడ, ముందు టోపీ పెట్టుకుని నిలబడ్డ మన తెలుగు ఫ్యామిలీ. అది ఎఫెసస్‌లోని సెల్సస్ లైబ్రరీ. బైబిల్ చదివే వాళ్లకు ఎఫెసు పట్టణం అంటే వెంటనే తెలుస్తుంది. దగ్గర్లోనే కుషాదసి అనే బీచ్ రిసార్ట్ టౌన్ ఉంది. అక్కడ దిగిన టూరిస్టులను పొద్దున్నే బస్సెక్కించి, గైడ్‌ను ఇచ్చి, శిథిలాలన్నీ చూపించి సాయంత్రానికి హోటల్‌లో దింపుతారు. దీన్నే డే టూర్ అంటారు.

మరి మన గోదావరి జిల్లాల్లో అలాంటి చోటు లేదా? ఉంది. పైగా ఎఫెసస్‌లో ఆ లైబ్రరీ కట్టడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందే ఇక్కడ కొండను తొలిచి గుహలు చేశారు. రాజమండ్రి నుంచి కారులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. అదే ఏలూరు జిల్లా కామవరపుకోట మండలం జీలకర్రగూడెం దగ్గరున్న గుంటుపల్లి బౌద్ధ గుహలు.

అక్కడికి వెళ్లిన వాళ్లలో చాలామంది "ఏముందక్కడ.. నాలుగు గుహలు, ఇటుకల దిబ్బలు" అంటారు. ఎఫెసస్‌కీ గుంటుపల్లికీ తేడా రాళ్లలో లేదు. పక్కన నిలబడి "ఇది ఎందుకిలా ఉంది" అని చెప్పే మనిషి ఉన్నాడా లేడా అన్నదే తేడా. గైడ్ దొరకకపోయినా ఈ చోటును ఎలా చూడాలి, ఎక్కడ ఆగాలి, ఏం గమనించాలి.. ఆ వివరాలు చూద్దాం.

ముందు దారి తప్పకండి

మ్యాప్స్‌లో "గుంటుపల్లి" అని కొట్టి బండి స్టార్ట్ చేస్తే పప్పులో కాలేసినట్టే. విజయవాడ దగ్గర రైల్వే వ్యాగన్ వర్క్‌షాప్ ఉన్న ఊరి పేరు కూడా గుంటుపల్లే. అందుకే "గుంటుపల్లి బౌద్ధ గుహలు" అని గానీ, "జీలకర్రగూడెం" అని గానీ సెర్చ్ చేయాలి.

రాజమండ్రి నుంచి అయితే కొవ్వూరు, దేవరపల్లి, నల్లజర్ల మీదుగా ద్వారకా తిరుమల చేరుకోవాలి. అక్కడి నుంచి కామవరపుకోట వైపు వెళ్తే జీలకర్రగూడెం వస్తుంది. ట్రైన్‌లో వచ్చేవాళ్లు ఏలూరులో దిగితే మంచిది. అక్కడి నుంచి రోడ్డు మార్గంలో సుమారు 40 కిలోమీటర్లు. 2022లో జిల్లాల విభజన జరగకముందు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. పాత పుస్తకాల్లో, బోర్డుల్లో ఆ పేరే కనిపిస్తే కన్ఫ్యూజ్ అవ్వొద్దు.

పొద్దున 6 గంటలకల్లా బయల్దేరితే ఎండ ముదరకముందే కొండ ఎక్కొచ్చు. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు బెస్ట్ టైమ్. వేసవిలో మాత్రం రాయి కాలిపోతూ ఉంటుంది, పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లకపోవడమే మంచిది.

అసలు కొండ మీద బౌద్ధులు ఏం చేసేవాళ్లు?

గుహల్లోకి వెళ్లేముందు ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతాదంతా ఈజీగా అర్థమవుతుంది.

బౌద్ధ భిక్షువులు ఏడాదిలో ఎక్కువ భాగం ఊరూరా తిరిగేవాళ్లు. వానాకాలం మాత్రం ఒకే చోట ఉండాలన్నది వాళ్ల నియమం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వానాకాలం ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. కాలవలు పొంగి, దారులు మునిగి, ఎక్కడి వాళ్లు అక్కడే ఆగిపోతారు. అలాంటప్పుడు వరద అందని ఎత్తైన చోటు కావాలి. అలాగని మరీ దూరంగా ఉండకూడదు. ఎందుకంటే రోజూ భిక్షకు ఊళ్లోకి వెళ్లాలి. ఊరికి దగ్గరగా, సందడికి దూరంగా ఉండాలన్నమాట.

జీలకర్రగూడెం కొండ సరిగ్గా అలాంటిదే. డెల్టా పల్లం పూర్తయి మెట్ట మొదలయ్యే చోట ఉంటుంది. ఇక్కడి నుంచి ఏలూరు వెళ్లే వైపే వేంగి నగరం ఉండేది. ఇప్పటి పెదవేగి అదే. శాలంకాయనులు, తర్వాత తూర్పు చాళుక్యులు రాజధానిగా చేసుకున్న ఊరు. అలాంటి ప్రాంతంలో జనం ఉంటారు, వ్యాపారులు ఉంటారు, దానాలు ఇచ్చేవాళ్లు ఉంటారు. బౌద్ధ ఆరామం నడవాలంటే ఈ మూడూ కావాలి.

ఇంకో కారణం రాయి. ఇది ఇసుకరాయి. నల్లరాతి కంటే మెత్తగా ఉంటుంది కాబట్టి ఉలితో తొలచడం తేలిక. కానీ అదే గుణం ఇప్పుడు శత్రువైంది. మెత్తటి రాయి కాబట్టే గాలికి, వానకు, మనుషుల చేతులకు తొందరగా అరిగిపోతుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ మాట్లాడుకుందాం.

మొదటి స్టాప్: గుండ్రటి గుహ.. లోపలికి వెళ్లి పైకి చూడండి

గుంటుపల్లిలో ఒక్కటే చూసే టైమ్ ఉందంటే ఇదే చూడాలి. కొండను తొలిచి చేసిన గుండ్రటి గది ఇది. వ్యాసం సుమారు 18 అడుగులు. మధ్యలో అదే రాతిలో చెక్కిన స్తూపం, చుట్టూ ప్రదక్షిణ చేయడానికి దారి. దీన్ని చైత్యం అంటారు, అంటే ప్రార్థన మందిరం. క్రీస్తు పూర్వం 3-2 శతాబ్దాల నాటిదని చెప్తారు.

కాలేజీ రోజుల్లో ఫ్రెండ్స్‌తో మొదటిసారి వెళ్లినప్పుడు ఈ గుహ ముందు సెల్ఫీ దిగి, లోపలికి ఒకసారి తొంగి చూసి వచ్చేశాను. మొత్తం కొండ అరగంటలో అయిపోయింది. రెండోసారి ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారితో వెళ్లాను. ఆయన లోపలికి తీసుకెళ్లి, "స్తూపాన్ని తర్వాత చూద్దువుగానీ, ముందు పైకి చూడు బాబూ" అన్నారు.

పైకప్పు గోపురంలా ఉంది. దాని మీద మధ్య నుంచి చుట్టూ అంచుల దాకా రాతి పట్టీలు దిగుతున్నాయి. వాటిని కలుపుతూ అడ్డంగా ఇంకొన్ని.

"ఇవేంటి మాస్టారూ, డిజైనా?" అని అడిగాను.

"డిజైన్ కాదు, వాసాలు. మీ తాతగారి ఊళ్లో చుట్టిల్లు చూడలేదా నువ్వు?"

అప్పుడు వెలిగింది. మన కోస్తాలో ఒకప్పుడు ప్రతి ఊళ్లో చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టి గోడ, పైన తాటాకు కప్పు, లోపల నడిమి నుంచి గోడ మీదకు దిగే వాసాలు. గుండ్రంగా ఉండటం వల్ల తుఫాను గాలి కొట్టినా పక్కకు జారిపోతుంది, మూలలు ఉండవు కాబట్టి గాలి ఎక్కడా పట్టుకోలేదు. ఈ గుహ చేసిన శిల్పులు అచ్చం అలాంటి చెక్క, ఆకుల ఇంటినే రాతిలో దించేశారు.

రాతిలో వాసాలు అవసరమే లేదు. కొండ తనంతట తానే నిలబడుతుంది, ఆ పట్టీలు దేన్నీ మోయడం లేదు. మరి ఎందుకు చెక్కారు? వాళ్లకు తెలిసిన గుడి అలాగే ఉండేది కాబట్టి. అప్పటివరకు అన్నీ కర్రతో కట్టినవే. రాతికి మారినప్పుడు కూడా కళ్లకు అలవాటైన రూపాన్ని వదల్లేకపోయారు. ఆ కర్ర కట్టడాలన్నీ ఎప్పుడో పుచ్చిపోయాయి, కాలిపోయాయి. వాటి పైకప్పు ఎలా ఉండేదో ఈ రోజు మనకు తెలుస్తోందంటే ఇలాంటి రాతి కాపీల వల్లే.

గుహ ముఖద్వారం దగ్గర కూడా ఇదే కథ. పైన కమాను చెక్క దూలాల చివర్లు బయటకు వచ్చినట్టు చెక్కి ఉంటుంది. బీహార్‌లోని బరాబర్ కొండల్లో ఉన్న లోమశ ఋషి గుహ ద్వారం దీనికి దగ్గరి పోలిక. అది మౌర్యుల కాలం నాటిది. ఆ పద్ధతి ఇంత దూరం వచ్చిందంటే ఆ రోజుల్లో దారులు, రాకపోకలు ఏ స్థాయిలో ఉండేవో ఊహించుకోవచ్చు.

లోపల బుద్ధుడి విగ్రహం ఏది?

చాలామంది అడిగే డౌట్ ఇది. తొలి రోజుల్లో బౌద్ధులు బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవాళ్లు కాదు. పాదాలు, ధర్మచక్రం, బోధి చెట్టు, స్తూపం.. ఇవే గుర్తులు. అందుకే ఇక్కడ స్తూపానికే పూజ. విగ్రహాలు తర్వాతి కాలంలో వచ్చాయి.

ఈ స్తూపానికి ఇంకో పేరు కూడా ఉంది. బౌద్ధం ఇక్కడ కనుమరుగైన చాలా కాలానికి స్థానికులు దీన్ని శివలింగంగా భావించి ధర్మలింగేశ్వరుడిగా కొలిచారు. పేరులో "ధర్మం" ఎలా మిగిలిందో చూడండి. పూజించే చోటు కాబట్టే జనం దీన్ని మర్చిపోలేదేమో అనిపిస్తుంది.

రెండో స్టాప్: భిక్షువుల గదులు

కొండ అంచున వరసగా తొలిచిన గదులు కనిపిస్తాయి. ఇవి విహారాలు. నేటి భాషలో హాస్టల్ అనుకోండి. చిన్న గుమ్మాలు, కిటికీలు, వాటి పైన గుర్రపు లాడం ఆకారంలో కమానులు. లోపల ఒక మనిషి పడుకోవడానికి సరిపోయేంత చోటు.

ఇక్కడ ఐదు నిమిషాలు ఒక గదిలో కూర్చుని చూడండి. బయట ఎండ మండుతున్నా లోపల చల్లగా ఉంటుంది. రాతి గోడ మందమే దీనికి కారణం. పగటి వేడి లోపలికి రావడానికి చాలా టైమ్ పడుతుంది.

తొలిచేటప్పుడు పని ఎలా సాగేదో కూడా తెలుసుకోవాలి. ఇల్లు కట్టేటప్పుడు మనం పునాది నుంచి పైకి వెళ్తాం. గుహ తొలిచేవాళ్లు మామూలుగా పైకప్పు దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ వస్తారు. తాము నిలబడ్డ రాయే పరంజాలా పనికొస్తుంది. ఈ పనిలో ఒక చిక్కు ఉంది. ఎక్కడైనా ఒక దెబ్బ ఎక్కువ పడితే మళ్లీ అతికించడానికి ఉండదు.

మూడో స్టాప్: వరసగా చిన్న స్తూపాలు

కొండ మీద మెట్లుమెట్లుగా ఉన్న నేల మీద గుండ్రటి రాతి, ఇటుక దిమ్మెలు వరసగా కనిపిస్తాయి. 60కి పైగా ఉన్నాయి. తెలియని వాళ్లు వీటి మీదే కూర్చుని టిఫిన్ తినేస్తుంటారు. ఇవి బెంచీలు కావు. భక్తులు మొక్కు తీర్చుకోవడానికో, పోయిన భిక్షువుల గుర్తుగానో కట్టించిన స్తూపాలు ఇవి. మన లెక్కలో చెప్పాలంటే ఒక రకంగా సమాధులు, ఒక రకంగా మొక్కుబడులు. సైజుల్లో తేడాలు గమనించండి. ఉన్నవాళ్లు పెద్దది, లేనివాళ్లు చిన్నది కట్టించి ఉంటారని అనుకోవచ్చు. కానీ అన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

పైభాగంలో పెద్ద ఇటుక స్తూపం, ఇటుకలతో కట్టిన చైత్యం అవశేషాలు కూడా ఉన్నాయి. ఇటుకను ముట్టుకోకుండా దగ్గరగా చూడండి. ఇప్పుడు మనం వాడే ఇటుకల కంటే బాగా పెద్దవి, వెడల్పుగా ఉంటాయి. తవ్వకాల్లో ఇలాంటి పెద్ద ఇటుక బయటపడితే అది పాత కట్టడమని పురావస్తు శాఖ వాళ్లకు వెంటనే అనుమానం వస్తుంది.

స్తూపం చుట్టూ తిరిగేటప్పుడు అది మన కుడి చేతి వైపు ఉండాలి. గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే. కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు.

నాలుగో స్టాప్: ఒక గుమాస్తా ఇచ్చిన మండపం

నాకు ఈ కొండ మీద అన్నింటికంటే నచ్చింది ఇదే. ఫొటోలో పెద్దగా కనిపించదు. శిథిలమైన మండపం, కొన్ని రాతి స్తంభాలు. ఆ స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చిన్న శాసనం ఉంది. కళింగ, మహిషక దేశాలకు అధిపతి, మహామేఘవాహన వంశానికి చెందిన సిరి సద మహారాజు దగ్గర లేఖకుడిగా పనిచేసే చులగోముడు ఈ మండపాన్ని దానం చేశాడని దాని సారాంశం. భువనేశ్వర్ దగ్గర హాథీగుంఫా శాసనం వేయించిన ఖారవేలుడిది కూడా మహామేఘవాహన వంశమే.

లేఖకుడు అంటే రాజుగారి ఆఫీసులో రాతపని చేసే ఉద్యోగి. ఇప్పటి భాషలో గుమాస్తా అనుకోవచ్చు. రాజు పేరు చెప్పినా, దానం మాత్రం రాజుది కాదు. జీతం తీసుకుని రాసుకునే మనిషిది. చరిత్ర పుస్తకాల్లో రాజుల పేర్లే చదివి చదివి, రెండు వేల ఏళ్ల కిందటి ఒక ఉద్యోగి పేరు రాయి మీద చూస్తే ఆ ఫీలింగ్ వేరు. గైడ్ లేకపోతే ఇది కూడా "ఏవో విరిగిన స్తంభాలు" లిస్టులోకే పోతుంది.

రిసార్ట్‌కు వెళ్తున్నారా? అయితే ఆదుర్రు చూడండి

గుంటుపల్లికి టైమ్ కుదరని వాళ్లకు ఇంకో ఆప్షన్ ఉంది. కోనసీమలో వీకెండ్ అంటే అందరికీ గుర్తొచ్చేది దిండి రిసార్ట్స్, హౌస్‌బోట్లు. ఆ ట్రిప్‌లోనే మామిడికుదురు మండలంలోని ఆదుర్రు చూసి రావొచ్చు. గోదావరి పాయ వైనతేయ ఒడ్డునున్న ఊరు ఇది. ఇక్కడ బౌద్ధ స్తూపం అవశేషాలు ఉన్నాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది.

ఇక్కడ గమనించాల్సింది పునాది. బండి చక్రంలా ఉంటుంది. మధ్యలో ఇరుసు, దాని నుంచి బయటికి ఆకులు, చుట్టూ గుండ్రటి గోడ. ఈ ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి నింపుతారు. దీనివల్ల తక్కువ ఇటుకతో పెద్ద స్తూపం కట్టొచ్చు, లోపలి మట్టి జారకుండా గోడలు పట్టి ఉంచుతాయి. కోనసీమలో కొండ లేదు, రాయి లేదు. ఉన్నదల్లా ఒండ్రు మట్టి. ఆ మట్టినే ఇటుకగా కాల్చి, ఇలా పొదుపుగా కట్టారు. గుంటుపల్లిలో రాయి ఉంది కాబట్టి తొలిచారు, ఆదుర్రులో మట్టి ఉంది కాబట్టి పేర్చారు. రెండూ చూస్తే డెల్టా అంటే ఏంటో అర్థమవుతుంది.

ఎఫెసస్‌కూ ఇక్కడ ఒక పోలిక ఉంది. ఎఫెసస్ ఒకప్పుడు పెద్ద రేవు పట్టణం. పక్కనున్న నది తెచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయింది, సముద్రం కిలోమీటర్ల దూరం జరిగిపోయింది, నగరం ఖాళీ అయింది. ఒండ్రు మోసుకొచ్చి కొత్త నేల వేయడం గోదావరికీ అలవాటే. మనం నిలబడ్డ కోనసీమ అంతా అలా వచ్చిందే.

ఏం తీసుకెళ్లాలి? ఎంతసేపు పడుతుంది?

* గుంటుపల్లిలో తీరిగ్గా చూస్తే మూడు గంటలు పడుతుంది. మెట్లు ఎక్కాలి, కాబట్టి గ్రిప్ ఉన్న చెప్పులు లేదా షూస్ వేసుకోండి.
* మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, టోపీ లేదా గొడుగు మర్చిపోవద్దు.
* గుండ్రటి గుహలో వెలుతురు తక్కువ. పైకప్పు వాసాలు చూడాలంటే చిన్న టార్చ్ ఉండాలి. ఫోన్ లైట్ అయినా పర్లేదు.
* పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్తే మేలు. కొండ మీద కాకుండా కిందికి వచ్చాక తినండి. లేదంటే తిరుగు ప్రయాణంలో ద్వారకా తిరుమలలో భోజనం చేయొచ్చు. చిన వెంకన్న దర్శనం కూడా అయిపోతుంది. దర్శనం టైమింగ్స్ మాత్రం ముందే కనుక్కోండి.
* రాజమండ్రికి త్వరగా తిరిగొస్తే రాళ్లబండి సుబ్బారావు మ్యూజియం చూడొచ్చు. గోదావరి జిల్లాల్లో దొరికిన పాత శిల్పాలు, వస్తువులు అక్కడున్నాయి.
* మీతో పాటు వచ్చేవాళ్లలో ఒక్కరైనా ముందుగా చదువుకుని రండి. ఆ రోజుకు వాళ్లే గైడ్.

పేర్లు చెక్కొద్దు.. జైలుకు వెళ్లే ఛాన్స్ ఉంది

ఇప్పుడు ఇసుకరాయి విషయానికి వద్దాం. ఈ రాయి మీద తాళం చెవితో గీసినా గీత పడుతుంది. పాత కట్టడాల దగ్గర మనవాళ్లకు ఉన్న అలవాటు తెలిసిందే. గుండె బొమ్మ, బాణం, రెండు పేర్లు. నల్లరాతి మీద అయితే కష్టపడాలి, ఇక్కడ అరనిమిషం చాలు. అలా గీసిన గీత పక్కనే రెండు వేల ఏళ్ల కిందటి ఉలి గుర్తు ఉంటే, ఆ గుర్తు ఇక దొరకదు.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకునే కట్టాలి. స్తూపాల మీద ఎక్కి రీల్స్ చేయడం, ఇటుక ముక్క ఇంటికి తెచ్చుకోవడం లాంటివి సరదా పనులు కావు.

నిజానికి చట్టం కంటే గట్టి కాపలా ఇంకోటి ఉంది. అది తెలియడం. పైకప్పు మీద ఉన్నవి వాసాలని తెలిసిన పిల్లాడు ఆ గోడ మీద పేరు గీయడు. ఆ దిమ్మె ఎవరో భిక్షువు గుర్తని తెలిసిన వాళ్లు దాని మీద కూర్చోరు. ఎఫెసస్‌లో టూరిస్టులకు గైడ్ చేసే పని అదే. ఇక్కడ ఆ పని మనలో ఎవరో ఒకరు చేయాలి.

ఆ రోజు కొండ దిగుతుంటే మాస్టారు అడిగారు, "ఇంకోసారి ఎవర్ని తీసుకొస్తావ్?" అని. "మా తమ్ముణ్ణి" అన్నాను. "అయితే ముందు పైకి చూడమను" అన్నారు.